ఎడమవైపు సలాం

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. ఆళ్లగడ్డలో పరుపులు కుట్టీ కుట్టీ మా నాయన మెడలో డిస్కు అరిగిపోయింది. చెయ్యి తిమ్మిరెక్కి సూది జారిపోయేది.

నంద్యాల డాక్టరు, "అరిగినదాని బదులు కదిలే కొత్త డిస్కు పెట్టచ్చు గానీ నీ మెడ వెనక కీళ్లు కూడా అరిగినాయి. రెండెముకలు అతికించేదే మేలు" అన్నాడు.

"అతికిస్తే నమాజు చివర కుడికీ ఎడమకూ సలాం చెప్పేదానికి మెడ తిరుగుతాదా సార్?" అన్నాడు నాయన.

"తిరిగేది ఎక్కువగా పై ఎముకల దగ్గరప్పా. మేం అతికించేది కింద."

నాకు నమ్మకం కుదరలేదు.

ఆపరేషనయ్యాక, డాక్టరు సరేనన్న రోజు, నాయన కుర్చీలో నమాజు చేశాడు. సలాముకు మెడ కుడికి తిరిగింది. ఎడమకు తిరుగుతూ సగంలో ఆగింది. ఆ పక్కనే నేను కూర్చున్నాను. మెల్లగా నా వైపు వచ్చింది.

నమాజు ముగించి, "ఏందిమ్మా, అట్ల చూస్తాండావ్?" అన్నాడు.

సలాం పక్కనున్నవాళ్లకు శాంతి కోరడమే. ఆ రోజు అది నాకు అందింది. మీ ఇంటిల్లిపాదికీ అందాలి.