ఎనిమిదో కుట్టు

మా బావ కట్టుడుపళ్లు చేసేవాడు. పళ్ల డాక్టరు కాదు. డాక్టరు తీసి పంపిన అచ్చు ముందు పెట్టుకుని, వెనక గదిలో పళ్లు పేర్చే మనిషి. ఊళ్లో ముసలివాళ్లలో సగంమంది ఆయన చేసిన పళ్లతోనే నవ్వేవారు గానీ ఆయన మొహం ఎరిగినవాళ్లు తక్కువ. "నోట్లో సరిగ్గా కూర్చుంటే చాలు, నన్నెందుకు తలుచుకోవడం" అనేవాడు.

సాయంత్రం ఆరు దాటితే ఆయన ఇంకో మనిషి. పాత కుట్టు మిషన్లు బాగుచేసుకునే సరదా ఉన్నవాళ్లంతా ఇంటర్నెట్‌లో ఒక వేదిక పెట్టుకున్నారు. ఒకరు తమ సమస్య రాస్తారు, మిగతావాళ్లు దాని కింద జవాబులు రాస్తారు. అదొక చర్చ. రెండువేల పైచిలుకు సభ్యులు చేసే ఆ చర్చలన్నిటికీ జీతం లేని కాపలాదారు మా బావ. భోజనాల బల్ల మీద కంప్యూటరు, దాని పక్కన ఎర్ర కలం పెట్టుకుని కూర్చునేవాడు. కంప్యూటరుకు ఎర్ర కలంతో పనేమిటో నేను ఎప్పుడూ అడగలేదు.

ఆయనకు అన్నిటికన్నా ఒళ్లుమండే విషయం, పాత చర్చల్ని లేపడం. ఆరేళ్ల కిందట ఎవరో సూది విరుగుతోందని రాసి ఉంటారు. వాళ్లు సూది మార్చారు, చొక్కా కుట్టారు, ఆ చొక్కా చిరిగి నేల తుడిచే గుడ్డ కూడా అయింది. ఇప్పుడొక కొత్త సభ్యుడు వచ్చి దాని కింద "నాకూ ఇదే సమస్య" అని రాస్తాడు. దాంతో ఆ చర్చ లేచి వచ్చి మొదటి వరసలో కూర్చుంటుంది. తేదీ చూడకుండా పదిమంది పరిగెత్తుకొచ్చి, ఆరేళ్ల కిందటి సూదికి వైద్యం చెబుతారు.

"పోయినవాళ్ల ఇంటికెళ్లి, జ్వరం తగ్గిందా అని అడిగినట్టుంటుందిరా" అనేవాడు బావ.

అందుకని ఒక నియమం రాసిపెట్టాడు. "ఆరు నెలలు కదలని చర్చ మూతపడినట్టే, దాన్ని మరెప్పుడూ కదపరాదు. కొత్త సమస్యకు కొత్త చర్చ తెరవాలి. మినహాయింపు ఒక్కటే: అడిగిన మనిషి తిరిగి వచ్చి, చివరికి ఏమైందో చెప్పదలిస్తే ఎప్పుడైనా చెప్పవచ్చు. దానికి గడువు లేదు." ఆ చివరి రెండు వాక్యాల కోసం మూడు వారాలు అన్యమనస్కంగా తిరిగాడని అక్క చెబుతుంది. నియమం తప్పినవాళ్లకు పంపే ఉత్తరం కూడా ఆయనే రాసి ఉంచాడు.

"ఒక్క ముక్క రాస్తే కొంపలేం మునుగుతాయి బావా?" అన్నాను ఒకసారి.

"నీ పెళ్లప్పటి గొడవ ఇప్పుడు మీ మామగారు లేవదీస్తే మునుగుతుందా, మునగదా?"



అంతటి కాపలాదారుకూ ఒక మచ్చ ఉండేది. జవాబు దొరకని ప్రశ్నలకు వేదికలో 'తేలనివి' అని ఒక జాబితా ఉంది. పదకొండేళ్లుగా దాని మొదటి వరసలో బావ పేరే ఉంది. మా అక్క తొక్కుడు మిషను ప్రతి ఎనిమిదో కుట్టూ దాటేసేది. అప్పుడప్పుడు మాటమార్చి తొమ్మిదోది దాటేసేది. బావ సూది మార్చాడు, దారం మార్చాడు, షటిల్ మార్చాడు. నలభైమూడు జవాబులు వచ్చాయి, ఒక్కటీ పనిచేయలేదు.

"ఊళ్లోవాళ్ల నోళ్లన్నీ బాగుచేస్తారు. మా ఇంట్లో గలీబులకి మాత్రం ఎనిమిదికో పన్ను ఊడిపోతుంది" అనేది అక్క, దిండు గలీబు ఆయన మొహం ముందు ఆడించి.

ఆసుపత్రిలో చివరి వారం బావ నన్ను దగ్గరికి పిలిచాడు. అక్కను చూసుకోమంటాడేమో అనుకున్నాను.

"ఆ జాబితాలో నా పేరు అలాగే ఉండిపోతుందిరా" అన్నాడు.

"ఊరుకో బావా. ఇంటికొచ్చి నువ్వే తీసేద్దువుగాని."

"ఎలా తీస్తాను? తేలలేదుగా!"

తాళాలన్నీ తన చేతిలోనే ఉన్నాయనీ, ఒక్క మీట నొక్కితే పేరు పోతుందనీ ఆయనకు తట్టనే లేదు. మూడు రోజుల తర్వాత పోయాడు.

నాలుగు నెలలకు మిషను బెల్టు తెగింది. చెప్పులు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన బెల్టు రెండు కొసల్నీ కలిపిన ముడి చూసి, "ఇదేం తీగ బాబూ, దీనికి ఏనుగుని కట్టేయొచ్చు" అన్నాడు. అది పళ్ల సెట్లకు వాడే తీగ. బెల్టుకుండే మామూలు కొక్కెం రెండుసార్లు ఊడిందని, జన్మలో ఊడకుండా బావ తన పనిలోని తీగతో బిగించాడు. అదీ పదకొండేళ్ల కిందటే. పెద్దాయన దాన్ని పీకి పారేసి, కొసలు రెండూ దారంతో కుట్టిచ్చాడు.

ఆ సాయంత్రం అక్క గలీబు అంచు ఈ కొస నుంచి ఆ కొస దాకా కుట్టి, కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది. ఒక్క కుట్టూ పోలేదు. బెల్టు ఒక చుట్టు తిరిగేలోగా సూది ఎనిమిదిసార్లు దిగుతుంది. తీగముడి పైచక్రం ఎక్కినప్పుడల్లా మిషను ఉలిక్కిపడేదన్నమాట. నలభైమూడు జవాబులూ సూది చుట్టూనే తిరిగాయి. బల్ల కిందికి ఎవరూ వంగలేదు.

"రాయి. ఆయన పేరు తీయించు" అంది అక్క.

ఆ పాత చర్చ కింద నా పేరుతో రాశాను. అరగంటలో ఉత్తరం వచ్చింది.

"మిత్రమా, మీ ఉత్సాహానికి సంతోషం. ఈ చర్చ కదలక ఆరు నెలలు దాటింది. దీన్ని అడిగిన మనిషే తిరిగి వచ్చి ముగించాలి. మీరు రాసింది పక్కన పెట్టాం. బాధపడకండి, మంచి సమస్యతో మళ్లీ రండి."

కింద బావ పేరు. దాన్ని ఎవరూ మార్చలేదు.

అక్క రెండుసార్లు చదివించుకుంది. "పోయాక కూడా నీకు చీవాట్లు పెట్టారు చూడు" అని, కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచింది.

బావ తర్వాత కాపలాకు వచ్చిన ఆవిడ ఉద్యోగ విరమణ చేసిన లెక్కల టీచరు. తర్ఫీదిచ్చింది బావే. అక్కకూ వినబడేలా స్పీకరు పెట్టి ఫోన్ చేశాను.

"అడిగిన మనిషి పోయాడండీ. ఎక్కడినుంచి వస్తాడు?"

"నాకు తెలీదా బాబూ? వారం రోజులు తిండి సయించలేదు. కానీ ఆయన రాసిన నియమం ఆయన చర్చలోనే తప్పితే, రేపు ఇంకొకళ్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"అయితే ఆయన పేరు అక్కడే ఉండాలా?"

"అదే నాకూ గుచ్చుకుంటోంది" అంది ఆవిడ.

అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "టీచరుగారూ, ఆ ప్రశ్న ఒక్కసారి మొదటినుంచి చదవండి."

"'మా ఆవిడ అడుగుతోంది: నా మిషను ప్రతి ఎనిమిదో కుట్టూ ఎందుకు దాటేస్తోంది?'"

"అడుగుతోంది ఎవరు?"

టీచరు ఆ మొదటి మూడు మాటలూ మళ్లీ చదివింది.

"ఆయన టైపు కొట్టారంతే. నాకు కొట్టడం రాదు. మిషను నాది, ప్రశ్న నాది. ఇదిగో, తిరిగొచ్చాను."

ఒకరి ప్రశ్నను తనదని రాసుకునే మనిషి కాదు బావ. తన చర్చలో తనకే చోటు లేకుండా రాసుకున్నాడు.

"మీ ఒక్కరికి తెరుస్తున్నానమ్మా, రాయండి" అంది టీచరు.

అక్క చెప్పింది, నేను కొట్టాను. "అడిగింది నేను. తప్పు సూదిది కాదు, బెల్టు ముడిది. ముడి వేసింది మా ఆయన. పళ్ల తీగ బెల్టుకి వాడకండి. ఇప్పుడు కుట్టు బాగా పడుతోంది. ఇది చూడ్డానికి ఆయన లేరు." అంతా ఒకసారి చదివించుకుని, "ఆ చివరిది తీసెయ్. అది మిషను సంగతి కాదు" అంది. తీసేశాను.

'తేలనివి' జాబితాలోంచి బావ పేరు పోయింది. రెండో వరసలో ఉన్న ఎవరిదో బాబిన్ గొడవ పైకి జరిగింది.

మర్నాడు ఒక కొత్త సభ్యుడు కింద "ధన్యవాదాలు, నాకూ ఇదే సమస్య" అని రాశాడు. అక్కకు చదివి వినిపిస్తుండగానే అది మాయమైంది.

"టీచరుగారు ఆ ఉత్తరం పంపేసుంటారు. దాని మీద ఇంకా బావ పేరే ఉంది. తీసెయ్యమని చెప్పనా?" అన్నాను.

అక్క పంటితో దారం తెంపి, గలీబు మడత పెట్టింది.

"అక్కడ ఉండనీ" అంది.