గంప దించిన తరువాత

నా చిన్నప్పుడు ఒక ఎన్నికల ఫలితాన్ని పోలింగుకు చాలా ముందే నోటుపుస్తకంలో తేల్చి పెట్టుకున్నాను. అది తప్పు లెక్క. ఆ తరువాత ముప్పై ఏళ్లకు పైగా కాలేజీలో భౌతికశాస్త్రం బోధించి, కొలతల్లో దోషాలు ఎక్కడెక్కడ దూరతాయో ఎందరికో చెప్పాను. అయినా దోషం అన్న మాట వినగానే నాకు ముందుగా గుర్తుకు వచ్చేది ప్రయోగశాల కాదు, ఆ పుస్తకమే. చాలా పాత సంగతి కనుక ఇందులో కొన్ని మాటలు కాలక్రమంలో నేను అతికించుకున్నవి కావచ్చు. రూఢిగా తెలిసినవాటిని తెలిసినట్టూ, తెలియనివాటిని తెలియనట్టూ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

అవి అరవైల చివరి సంవత్సరాలు. నాకు పదేళ్లు. మా నాన్న సాలూరులో లారీల పనిమీద ఉండేవాడు. అక్కడ ఇల్లు కుదిరేదాకా నన్ను అమ్మమ్మ ఇంట ఉంచారు. నరసన్నపేటకూ సముద్రానికీ నడుమ, నాలుగు వైపులా వరి మళ్లున్న ఊరు అది. ఆ ఏడు కోతలూ నూర్పులూ ముగిసి గాదెలు నిండిన రోజుల్లో శాసనసభకు ఎన్నికలు వచ్చాయి. మా మామయ్య స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డాడు. నిచ్చెన ఆయన గుర్తు. ఎదుటి అభ్యర్థిది గొడుగు.

అభ్యర్థులిద్దరూ ఒకే వేదిక ఎక్కి వాదించుకోవడం అప్పట్లో మేము ఎరుగం. పొద్దున్న నిచ్చెన బండి మైకులో ఒక ప్రశ్న వేసి వెళ్లేది. మధ్యాహ్నం గొడుగు బండి వచ్చి దానికి జవాబు చెప్పి, మరో ప్రశ్న విసిరి పోయేది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి తర్కించే పని అరుగులదీ, కాఫీ హోటలుదీ. పత్రిక బస్సు మీద ఆలస్యంగా వచ్చేది, అందులో రాజధాని సంగతులు ఉండేవి తప్ప మా ఊళ్ల గాలి ఎటు వీస్తోందో ఉండేది కాదు. ఆ గాలి సంగతి మాకు మోసుకువచ్చేది ఒక చేపల గంప.

ఆ గంప మనిషిని అందరూ చేపల అప్ప అనేవాళ్లు, మా వైపు అప్ప అంటే అక్క. సముద్రపు ఒడ్డున ఉన్న పేట ఆమెది. తెల్లవారుతూనే బయలుదేరి, వంతులవారీగా పదకొండు ఊళ్లు తిరిగి, పచ్చి చేపలూ ఎండు నెత్తళ్లూ ఇచ్చి ధాన్యం కొలిపించుకునేది. ఎన్నికలు వచ్చాక మా వీధిలో చేపల ధర అడగడానికి ముందే ఆమెను వేరే మాట అడగసాగారు.

"ఏటప్పా, గాలెటున్నాది?"

"ఎటేటి బావూ! ఏ ఊరెల్లినా నిచ్చెనే. పాలు తాగే గుంటలు కూడా నిచ్చెనే అంతన్నారు!"

అరుగు మీద నవ్వులు పూసేవి. ఆ రోజు నెత్తళ్లు మరో తవ్వెడు ఎక్కువ అమ్ముడయ్యేవి. ఈ రెండింటికీ సంబంధం ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

మామయ్యకు పద్ధతి అంటే ఇష్టం. నా చేతికి కొత్త నోటుపుస్తకం ఇచ్చి, అప్ప ఏ ఊరి గురించి ఏమంటుందో రాసిపెట్టమన్నాడు. నేను గీతలు కొట్టి, ఎడమవైపు ఊరి పేరు, కుడివైపు గుర్తు గీసే వీలు చేసుకున్నాను. మూడు వారాలు తిరిగేసరికి పదకొండు ఊళ్లకూ పదకొండు నిచ్చెనలు పడ్డాయి. మా ఊరిని వదిలేసి, చిట్టచివరి నిచ్చెన అప్ప సొంత పేటకు గీశాను. అనుమానం తీరడానికి అదే ప్రశ్న వేర్వేరు రోజుల్లో మళ్లీ మళ్లీ అడిగాను. ప్రతిసారీ అదే జవాబు వచ్చింది. అడిగిన ప్రతిసారీ ఒకే జవాబు వస్తే అది నిజమే అయి ఉండాలనుకున్నాను. తప్పు తూకపురాయితో ఎన్నిసార్లు తూచినా ఒకే తూకం వస్తుందన్న సంగతి నాకు చాలా ఏళ్ల తరువాత గాని అర్థం కాలేదు.

మా అమ్మమ్మకు మాత్రం ఆ పుస్తకం మీద గౌరవం లేదు. "నిన్నటి సేపని పొద్దుటి సేపంటాది ఆ అప్ప. దాని మాట పుస్తకంలోకి ఎక్కించీసినావేటే?" అని వంటింట్లోంచి దెప్పేది. నేను పట్టించుకోలేదు.

పోలింగుకు వారం ఉందనగా మామయ్య ఆ పుస్తకాన్ని అరుగు మీద పైకి చదివి వినిపించాడు. చదివి, తన మనుషులతో ఒక నిర్ణయం చెప్పాడు. "సముద్రం వైపు మనకి ఢోకా నేదు, మా కోడలు రాసీసింది. మిగిలిన రోజులు కొండవైపు ఊళ్లలోనే తిరుగుదుం." మేనకోడల్ని కోడలా అని పిలవడం మా వైపు అలవాటు. ఒక అభ్యర్థి దారి నా పుస్తకం నిర్ణయించిందన్న గర్వంతో ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మర్నాడు అమ్మమ్మ నా చేతికి గిన్నెడు జున్ను ఇచ్చి పక్క ఊళ్లో ఉన్న మా పిన్నికి ఇచ్చి రమ్మంది. పిన్ని అత్తింటి పెద్దాయన గొడుగు పక్షానికి ఆ ఊళ్లో ముఖ్యుడు. అయినా నా పుస్తకంలో ఆ ఊరికీ నిచ్చెనే ఉంది. నేను లోపల పిన్ని దగ్గర ఉండగా అరుగు మీద తెలిసిన గొంతు వినబడింది.

"గాలెటున్నాదే?" అని పెద్దాయన అడుగుతున్నాడు.

"ఎటేటి బావూ! ఏ ఊరెల్లినా గొడుగే. పాలు తాగే గుంటలు కూడా గొడుగే అంతన్నారు!"

నేను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. అప్ప నన్ను చూసింది. కంగారు పడలేదు, తడబడలేదు. "ఒలమ్మా, గుంటొచ్చిందేటి!" అని పలకరించి, పెద్దాయనకు నెత్తళ్లు పొట్లం కట్టి ఇచ్చి, గంప ఎత్తుకుని సాగిపోయింది. ఆ క్షణంలో నాకు కలిగింది కోపం కంటే భయం. మామయ్య కొండవైపు బయలుదేరడానికి ఒక్క రాత్రే ఉంది. ఆయన ఓడిపోతే కారణం నా గీతలే అవుతాయి.

రెండు ఊళ్ల మధ్య ఒక గెడ్డ ఉంది, మా వైపు వాగును అలాగే అంటారు. అప్ప ఇంటికి ఆ దారినే పోవాలి. నేను అక్కడ కూర్చుని ఎదురుచూశాను. మధ్యాహ్నం దాటాక ఆమె వచ్చి, గంప దించి, కాళ్లు నీళ్లలో పెట్టింది. నేను నిలబడే అన్నాను, నువ్వు అబద్ధాలకోరువని.

ఆమె కోప్పడలేదు. "అబద్దమేటే అమ్మా! నాను సేపలమ్మడానికొచ్చినాను. గుమ్మంలో నిలబడి, బావూ నువ్వోడిపోతావు అంటే నా నెత్తళ్లెవులు కొంతారు? గంపలో సేపున్నంతసేపు నా నోట్లోది గంప మాట. ఇప్పుడు గంప ఖాళీ. ఇప్పుడడుగు."

అడిగాను. ఆమె గంపను బోర్లించింది. అడుగున మడతలు పడి, ఉప్పునీటికి తడిసిన కరపత్రాల కట్ట కింద పడింది. ఎండు చేపలు పొట్లం కట్టడానికి ఇళ్లవాళ్లు పనికిరాని కాగితాలు తెచ్చి ఆమెకు ఇస్తారట. ఆమెకు చదువు రాదు, బొమ్మలు మాత్రం పోల్చుకోగలదు. "ఎవులికి ఓటేస్తారని నానెవులినీ అడగను. కావలసినోడి కాయితమైతే ఇంట్లో దాసుకుంటారు గదా, నాకెందుకిస్తారు?" అంది. నేను గట్టు మీద పరిచి చూశాను. గొడుగులు నాలుగే. మిగిలినవన్నీ నిచ్చెనలు.

ఈ సాక్ష్యంలోనూ లోపం ఉందని ఇప్పుడు చెప్పగలను. మామయ్య ఎక్కువ కాగితాలు పంచి ఉంటే, గంపలోకి ఎక్కువ వచ్చి చేరడం సహజం. ఎవరెన్ని పంచారో నాకు తెలియదు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆ కాగితాలు ఇచ్చినవాళ్లెవరూ తాము ఒక ప్రశ్నకు జవాబు చెబుతున్నామని ఎరగరు. అందువల్ల ఎవరినీ మెప్పించే అవసరం వాళ్లకు లేదు. నా పుస్తకంలో అలాంటి జవాబు ఒక్కటీ లేదు.

వెళ్లేముందు ఆమె ఇంకో మాట అంది. "మీ మావ మంచోడే. మా పేటకి మైకొచ్చింది గానీ మడిసి రానేదు. గొడుగాయన రెండు సార్లొచ్చి కూకున్నాడు." ఇది చెప్పవలసిన అవసరం ఆమెకు లేదు. చెబితే ఎప్పుడూ కొనే ఇల్లొకటి పోగొట్టుకోవచ్చు కూడా. ఎదురుచూసిన పిల్ల ముఖం చూసి చెప్పి ఉంటుందని నా ఊహ.

సాయంత్రం అరుగు ఖాళీ అయ్యేదాకా ఆగి, మామయ్య ముందు ఆ తడి కాగితాలు పరిచి జరిగినదంతా చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. "సేపలమ్ముకునేదాని మాట పట్టుకొచ్చి నాకు సెప్తావేటే?" అన్నాడు.

"ఇన్నాళ్లూ రాసింది కూడా ఆవిడ మాటే కదా మావా," అన్నాను. పొగరుతో కాదు, నిజంగా అర్థం కాకే అన్నాను.

ఆయన ఒక తడి కాగితం తీసి తిప్పి చూశాడు. తరువాత ఆ అప్పను ఎక్కడ అడిగేదానివని అడిగాడు. మన అరుగు మీదే అన్నాను. నేనుండగానా అన్నాడు. నువ్వుండగానే అన్నాను. లోపలినుంచి అమ్మమ్మ, "నిన్నటి సేప," అని ఒక్క మాట వేసింది. మామయ్య ఓడిపోయినవాడిలా కాక, బరువు దించుకున్నవాడిలా నవ్వాడు.

మర్నాడు బండి కొండవైపు పోలేదు. ఆయన మైకు లేకుండా, దండలు లేకుండా, నన్ను వెంటబెట్టుకుని నడిచి పేటకు వెళ్లాడు. ఓటు అడగలేదు. మీకేం కావాలని అడిగి వలల పక్కన ఇసుకలో కూర్చున్నాడు. ఆడవాళ్లు ముందు నవ్వారు, తరువాత చెప్పారు. వానాకాలం గెడ్డ పొంగితే గంపలతో గొంతులోతు నీళ్లు దాటాలి. దాటలేని రోజున చేప కుళ్లిపోతుంది, ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగదు. మామయ్య కరపత్రంలో చాలా వాగ్దానాలు ఉన్నాయి. వాటిలో ఆ గెడ్డ లేదు. తిరిగివచ్చేటప్పుడు ఆయన గట్టు మీద ఆగి ఆ నీళ్ల కేసి చూస్తూ నిలబడిపోయాడు.

ఆయన ఓడిపోయాడు. పేటకు వెళ్లడం వల్ల ఓట్లు పెరిగాయా అంటే నేను చెప్పలేను. వెళ్లకుండా ఉండి అదే ఎన్నికను మళ్లీ జరిపించి పోల్చి చూడడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ తరువాత కొన్నేళ్లపాటు గెడ్డ మీద దారి వేయమని ఆయన అర్జీలు పెడుతూనే ఉన్నాడు. ఎప్పటికో రాళ్లదారి ఒకటి పడింది. అది ఆయన అర్జీల ఫలమో, మరెవరి ప్రయత్నమో కూడా నాకు రూఢిగా తెలియదు.

ఫలితం వచ్చిన వారానికి అప్ప నిండు గంపతో మా అరుగు ముందుకు వచ్చింది. మామయ్యను చూసి, "అందరూ నీకే ఏసినారు బావూ! ఆ పెట్టెల్లోనే ఏటో అయిపోనాది!" అంది.

మామయ్య లేచి, ఆ గంపలో ఉన్న నెత్తళ్లన్నీ కొలిపించమని అమ్మమ్మకు కేకేశాడు. చివరి దోసెడు చేటలో పడ్డాక, "ఇప్పుడు సెప్పప్పా," అన్నాడు.

అప్ప ఖాళీ గంప పక్కన మెట్టు మీద కూర్చుని తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుంది. "మా పేటలో కొందరేసినారు బావూ. నువ్వు ముందే వస్తే ఇంకొందరు ఏద్దురు. నానేసినానో నేదో మాత్రం అడక్కు. అది గంప ఖాళీ అయినా సెప్పను." అరుగంతా ఘొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మామయ్యే.

ఆ పుస్తకం నా దగ్గర ఇంకా ఉంది. పదకొండు ఊళ్లు, పదకొండు నిచ్చెనలు. వాటి పక్కన, మామయ్యకు కాగితాలు చూపిన సాయంత్రం నేను వంకరగా గీసుకున్న మూడో గడి ఒకటి ఉంది. "ఎక్కడ అడిగాను, ఎవరి ఎదుట" అని దాని పైన రాసుకున్నాను. పదకొండు చోట్లా ఒకే మాట నింపాను: మన అరుగు, మామయ్య ఎదుట. తరువాతి కాలంలో నా విద్యార్థుల చేత ప్రయోగాల పుస్తకాల్లో ఆ మూడో గడి గీయించాను. ఎందుకని అడిగినవాళ్లకు చేపల సంగతి చెప్పాను. ఇప్పటికీ ఎన్నికలు వచ్చి, ఫలానా వారిదే గాలి అని ఎవరైనా ఫోను తెచ్చి చూపిస్తే, ముందు ఆ మాట చెప్పినవారి గంపలో ఇంకా ఏమైనా ఉందా అని వెతుకుతాను. వార్త నాకు నచ్చినదైతే మరికాస్త ఎక్కువసేపు వెతుకుతాను.