నేను చెప్పిన బహ్రెయిన్

సముద్రాన్ని నేను చూసింది ఒక్కసారి. చెన్నైలో, అదీ సాయంత్రం పూట. చల్లటి గాలి మొహాన కొట్టింది. ఆ గంటసేపటి గాలిని నమ్ముకుని ముప్ఫయ్యేళ్లు పుంగనూరులో పిల్లలకు దీవుల గురించి పాఠాలు చెప్పాను. సముద్రం పక్కన ఎండా చలీ రెండూ తక్కువేనని పుస్తకంలో కూడా ఉంది. ఇంకేం కావాలి నాకు?

మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమెకు ఆయాసం. పొగకు దగ్గుతూనే అంతమంది పిల్లలకూ వండి పెట్టేది. నేను రిటైరయ్యే ముందు ఏడాది, ఒకరోజు చేతులు తుడుచుకుంటూ వచ్చి స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది.

"సార్, ఇండ్లల్లో పనికి ఏజెంటు రెండు వీసాలు ఉండాయంటాండాడు. కువైట్ ఒకటి, బహ్రెయిన్ ఒకటి. కువైట్‌లో మా అక్క ఉండాది. ఈ ఆయాసంతో యాడికి పోతే బతుకుతానో మీరే సెప్పండి."

మొగుణ్ణి కూడా అడగకుండా నన్ను అడిగింది. నా ఛాతీ ఉబ్బింది. తెలియదు అనే మాట మా పంతుళ్ల నోట అంత సులభంగా రాదు. గోడ మీది మ్యాపులో వేలు పెట్టి చూపించాను.

"కువైట్ ఎడారమ్మా. ఇదేమో దీవి, చుట్టూ నీళ్లే. గాలి చల్లగా వస్తాది. మన మదనపల్లె అనుకో."

మదనపల్లె గాలికి ఊపిరితిత్తుల జబ్బులు నయమవుతాయని మా వైపు పెద్ద పేరు. ఆ ఒక్క మాట ఆమెకు చాలింది. అక్కను కాదని దీవికే పోయింది.

రెండేళ్లకు తిరిగొచ్చింది. బస్టాండులో కనిపిస్తే గుర్తుపట్టలేకపోయాను. పది అడుగులు వేసి ఆగుతోంది, మందు పీలుస్తోంది. ఎండాకాలం అక్కడి గాలి తడిగుడ్డలా మొహానికి చుట్టుకుంటుందట. కిటికీ తెరిస్తే ఆవిరి, రాత్రయినా ఉక్క తగ్గదు. వాన చలికాలంలో నాలుగు చినుకులు. సముద్రమే వేడెక్కి ఉంటే ఇక గాలి ఎక్కడ చల్లబడుతుంది?

ఇంటికొచ్చి అట్లాసు తీశాను. కువైట్‌కూ దీవికీ మధ్య వేలెడు దూరం లేదు. అదే ఎడారి, అదే ఎండ, దానికి తోడు తేమ. ఆ రోజు గోడ మ్యాపులో వేలు పెట్టినప్పుడే ఈ దూరం చూసి ఉంటే సరిపోయేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

తప్పు ఒప్పుకుందామని ఆ వారమే వాళ్లింటికి వెళ్లాను. నన్ను చూడగానే మంచం మీద నుంచి లేచింది. నేను నోరు తెరిచే లోపే తనే అందుకుంది.

"మా అక్క ఫోన్లో తిడతా ఉండాది సార్, ఆ సారు మాట యాల ఇన్నావని. మీరు సరిగ్గానే సెప్పింటారు, నేనే సరిగ్గా ఇనలేదని సెప్పినా."

కాదమ్మా, నువ్వు సరిగ్గానే విన్నావు అనాలి. మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఇంతలో ఆమె ఆయాసపడుతూ లోపలికి పోయి నాకు కాఫీ పెట్టుకొచ్చింది. తాగాను. ఒళ్లు జాగ్రత్తమ్మా అన్నాను. తప్పు ఆమె నెత్తినే ఉంచి వచ్చేశాను.