అయివారు కూర్చున్న చోటు

తొలకరి పడిందంటే కర్నూలు సీమలో సగం జనం తలొంచుకుని నడుస్తారు. సిగ్గుతో అనుకునేరు! వాన కడిగిన నేలలో యాడైనా వజ్రం మెరుస్తుందేమోనని. అలాంటి సీమలో పుట్టి, రాళ్ళ చదువు చదివి, వజ్రం ఊసే లేకుండా బతకాలనుకున్నాడు జ్ఞానరాజు. ఆయన భార్య కృపమణి ముప్పై ఏళ్ళకు పైగా ఆ ముచ్చట చూసింది, చివరికి ఆయన పోయాక కూడా చూడవలసి వచ్చింది.

జ్ఞానరాజు తండ్రి ఏసేపు రెడ్ల పొలాల్లో జీతానికుండేవాడు. మిషను వాళ్ళ పుణ్యమా అని కొడుకు మద్రాసు దాకా పోయి భూగర్భశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నాడు. రాళ్ళ కొలువులన్నీ ఆ రోజుల్లో దొరలవే కాబట్టి, నంద్యాలలో ఒక బడిలో సైన్సు చెప్పే అయివారిగా కుదురుకున్నాడు. సెలవు దొరికితే చాలు, సుత్తి సంచిలో వేసుకుని, నల్లగొడుగు చంకన పెట్టుకుని బయల్దేరేవాడు. కడప రాళ్ళనీ, కర్నూలు రాళ్ళనీ దొరలు పేర్లు పెట్టిన పొరలన్నీ తిరిగి తిరిగి, ఆఖరికి కుందేరు అవతల వంకమిట్ట అనే పల్లె దగ్గర ఆగిపోయాడు.

అక్కడ వంక నీళ్ళు కోసిన గట్టు ఒకటి ఉండేది, నిలువెత్తున. గట్టు నిండా బిళ్ళల్లాంటి గులకరాళ్ళు, గట్టిపడిన ఇసుకలో కూరుకుపోయి ఉండేవి. పెళ్ళైన కొత్తలో ఒకరోజు భోజనానికి కూర్చుని, పళ్ళెంలో జొన్నరొట్టెల్ని ఒకదాని మీద ఒకటి వాల్చి పేర్చాడు. "నీళ్ళు రాళ్ళని ఇట్లే వాల్చి పోతాయి కృపా. పై అంచు ఏ దిక్కుకు వాలిందో నీళ్ళు ఆ దిక్కుకు పోయినట్టు. లోకంలో చేపలు కూడా పుట్టకముందు ఆడ పెద్ద ఏరు పారింది. అది తూర్పుకు పారిందని పుస్తకాల్లో రాసినారు. నా రాళ్ళు ఉత్తరానికి వాలి ఉండాయి."

"రొట్టెలు చల్లారిపోతాండాయి" అంది కృపమణి. కానీ అర్థమైంది. ఇంకొక చదువుకున్నవాడు వచ్చి ఆ రాళ్ళు కదలకముందే చూడాలి. పీకి బల్ల మీద పెడితే ఏ రాయి ఎటు వాలిందో దేవుడు కూడా చెప్పలేడు. ఆమె మొగుడి చదువంతా, బతుకంతా ఆ గట్టు కదలకుండా ఉండటం మీదే ఆధారపడి ఉంది.

గట్టుకు ఎగువన ఇంకో రాతిపొర ఉంటే, ఒకసారి ఆయన పొద్దస్తమానం దాని ముందు కూర్చున్నాడు. వారం తర్వాత భార్యాభర్తలిద్దరూ పోయి చూస్తే అక్కడ పొర లేదు, గుంత ఉంది. పక్కనే ఆ పల్లెవాడు బొజ్జన్న మేకలు కాస్తున్నాడు.

"ఎవరు తవ్వినారప్పా?" అన్నాడు జ్ఞానరాజు.

"మేమే అయివారూ. నువ్వు ఆ రాళ్ళని తడుముతాంటివి గదా."

"నేను ఎతికేది వజ్రాలు కాదప్పా. పూర్వం ఏరు ఎటు పారిందో చూస్తాండా."

బొజ్జన్న గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. "ఉన్న ఏట్లోనే నీళ్ళు లేవు. ఎప్పుడో ఎండిపోయిన ఏరు ఎటు పారితే ఏంది అయివారూ? మాకు చెప్పగూడదంటే చెప్పొద్దులే. అబద్ధమెందుకు?"

బొజ్జన్న చెడ్డవాడు కాదు. ఆ పల్లెలో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. మూడేళ్ళకొకసారి కరువు వచ్చే చోట, చదువుకున్న మనిషి ఎండలో రాయి ముందు ఊరికే కూర్చుంటాడంటే ఎవరు నమ్ముతారు? ఆయన సుత్తి ఎక్కడ ఆడితే అక్కడ మరునాటికి గుంత. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారే, వీళ్ళకు ఎలుక కూడా దొరకలేదు, అయినా మానలేదు. ఒక్కొక్క పొరా పోయింది. పెద్దగట్టు ఒక్కటే మిగిలింది, అది కూడా ఆయన దాని దగ్గర కూర్చోవడం మానుకోబట్టి.

అలా ఉండగా, ఎన్నో ఏళ్ళు రాసి పంపిన వ్యాసం చదివి, కలకత్తా నుంచి రాళ్ళ కొలువులోని ఒక పెద్ద దొర చలికాలంలో గట్టు చూడ్డానికి వస్తానన్నాడు. జ్ఞానరాజు ఇంట్లో ఆ పూట పాయసం వండారు. ఆ ఏడు వానలు మాత్రం మొహం చాటేశాయి. చేలు మాడిపోయాయి, పల్లె పల్లెంతా గడ్డపారలు పట్టుకుని వంక వెంబడి తిరగసాగింది.

ఉపాయం చెప్పింది కృపమణే. "వజ్రాలు లేవంటే వాళ్ళు నమ్మరు. ఉండాయని ఇంకో తావు చూపిచ్చు. ఈ గట్టు జోలికి రారు."

ఆయనకు అబద్ధం చేత కాదు. అయినా గట్టు ముఖానికి మట్టీ పేడా కలిపి మెత్తాడు, అది ఉత్త మట్టిగోడలాగా కనిపించాలని. దూరంగా, ఎందుకూ పనికిరాని ఒక ఎర్రదిబ్బ మీద కూర్చుని, గొడుగు వేసుకుని, రాయి మీద రాయి తాటించుకుంటూ రోజంతా గడిపాడు. పల్లె ఆ దిబ్బ మీద పడింది. మొగుడూ పెళ్ళాం గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయారు.

నుదుటి రాత చూడండి. ఆ దిబ్బలో బొజ్జన్న భార్య గిడ్డమ్మకు వజ్రం దొరికింది! శనగగింజంత. అది ఏ సేటు చేతికి పోయిందో, గిడ్డమ్మకు ఏం మిగిలిందో గిడ్డమ్మకే తెలియాలి. కానీ తప్పెట్లు కొట్టుకుంటూ వచ్చి అయివారి మెడలో బంతిపూల దండ వేశారు. దండతో నిలబడ్డ మొగుడి మొహం చూసి కృపమణికి విషయం అర్థమైంది. ఇక ఈ జన్మలో ఆయన "లేదు" అంటే నమ్మేవాడు లేడు.

మట్టి మెత్తిన గట్టును పట్టింది కూడా గిడ్డమ్మే. "అయివారు ఇంత బద్రంగా దాచిపెట్టినాడంటే లోపల ఎంతుండాదో!" అందట. ఇద్దరూ పరుగెత్తి పోయేసరికి సగం గట్టు కింద కుప్పగా పడి ఉంది. జ్ఞానరాజు అడ్డం పడ్డాడు, బతిమాలాడు, ఏడ్చాడు. "మాకూ ఒక వాటా ఇయ్యి అయివారూ, నీ పాలు నీకిస్తాం" అని వాళ్ళూ ఏడ్చారు. ఆకలి మీదున్నవాళ్ళ ఏడుపే గెలిచింది.

దొర చెప్పినట్టే చలికాలంలో వచ్చాడు. గుంతల మధ్య నిలబడి ఒక రాయి చేతికి తీసుకుని, ఇది ఎటు వాలి ఉండేదని అడిగాడు. జ్ఞానరాజు రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి వాల్చి చూపించాడు. దొర మంచివాడే, నవ్వలేదు. "మీ మాట మీద నమ్మకం లేక కాదు. మాటను అచ్చు వేయలేం కదా" అని చెప్పి మధ్యాహ్నానికే వెళ్ళిపోయాడు. ఆ రాత్రి కృపమణి రొట్టెలు చేస్తే ఆయన ముట్టుకోలేదు.

తర్వాత ఏళ్ళు గడిచాయి. వంక మలుపులో, కంపచెట్ల చాటున, అదే పొర రెండు బారల మేర మిగిలి ఉండటం ఆయన కంటపడింది. ఈసారి బుద్ధి తెచ్చుకున్నాడు. అక్కడ ఆగలేదు, సుత్తి తీయలేదు, నడుస్తూ నడుస్తూనే ఓరకంట చూసి, రాళ్ళన్నీ ఉత్తరానికే వాలి ఉన్నాయని ఇంటికొచ్చి భార్య చెవిలో చెప్పాడు. దొరలకు మళ్ళీ రాశాడు. ఒకరు పోయారు, ఒకరు ఇంగ్లండుకు తిరిగి వెళ్ళారు, అంతలో యుద్ధం వచ్చింది. ఎవరూ రాలేదు. ఉద్యోగం అయిపోయింది, దగ్గు పట్టుకుంది.

మంచం పట్టాక ఒకనాడు అన్నాడు: "నన్ను ఆ మలుపు మీద, పొరకు సరిగ్గా పైన పూడ్చండి. గోరీని ఎవరూ తవ్వరు. దేశం మనదవుతాందంట. ఎప్పుడో ఒకనాడు మన పిల్లోడే ఎవడో రాళ్ళ చదువు చదివి వస్తాడు, చూస్తాడు."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది అనుకున్నారు చుట్టాలు. సంఘం పెద్దలు సమాధుల దొడ్డి ఉండగా ఇదేమిటన్నారు. కృపమణి ఎవరికీ కారణం చెప్పలేదు, పట్టు వదల్లేదు. నలభై ఏడు ఎండాకాలంలో ఆయన్ని అక్కడే పూడ్చారు. పల్లె అంతా వచ్చింది, బొజ్జన్న అందరికంటే ఎక్కువగా ఏడ్చాడు.

తొలకరి పడింది. గోరీ మీది మట్టి జారిందేమో సర్ది వద్దామని కృపమణి బండి కట్టించుకుని పోయింది. మలుపు తిరిగేసరికి జనం, గడ్డపారలు. రెండు బారల పొరా రాళ్ళ కుప్పయి పడి ఉంది. కొత్త దుప్పటి చుట్టిన మొగుడి శవపెట్టె ఓ పక్కన కంపచెట్టు నీడలో ఉంది.

ముసలి బొజ్జన్న ఎదురొచ్చి చేతులు జోడించాడు. "అయివారిని శానా బద్రంగా తీసినామమ్మా. మళ్ళీ పండబెడతాం. తప్పుగా అనుకోవద్దు."

"గోరీ గదప్పా! ఎట్ల చేతులొచ్చినాయి మీకు?"

"నేను ముందు నుంచీ చూస్తానే ఉంటినమ్మా. అన్ని తావుల్లో కూకున్న మనిషి ఈడ మాత్రం ఒక్కసారి కూకోల్యా. నిలబడ కూడా నిలబడల్యా, తల తిప్పుకొని పోయేవాడు. సచ్చినాక ఈడే పండుకుంటాననె. ఇంకేం చెప్పల్లమ్మా మాకు?"

కృపమణి కుప్పలోంచి ఒక రాయి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. ఏ వైపు పైనో, ఏ వైపు కిందో తెలియలేదు. వంక ఒడ్డున పచ్చి నేల మీద అలాగే కూలబడి ఏడ్చింది.

కాసేపటికి తలెత్తి చూసింది. గడ్డపారలు ఆగిపోయాయి. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఆమె మొహంలోకి కాదు, ఆమె కూర్చున్న చోటు కేసి.