దొరసాని జుట్టుకు గంజి

ఆ రోజుల్లో మా కొత్తవాడలో మనిషి ఎవరో తల మీది గుడ్డ చెప్పేది. నిజాం కాలం కదా, సర్కారు కచేరీకి పోయేవాళ్లకు ఎర్రటి రూమీ టోపీ, షావుకార్లకు పాగా, మగ్గం నేసే మా నాయినకు ఏ తుండుగుడ్డ దొరికితే అది. కోళ్లకూ అంతే అనుకునేదాన్ని నేను. (జుట్టంటే ఇక్కడ వెంట్రుకలు కాదు, కోడి నెత్తి మీద ఎర్రగా ఉండే కండ. మేం దాన్ని జుట్టనే అనేవాళ్లం.) మా నాయినమ్మ సాకే ఊరకోళ్లలో కొన్నింటికి నెత్తిన చిన్న రంపం ఉన్నట్టుండేది. ఒకదానికి బొడిపెలు బొడిపెలుగా నెత్తికే అతుక్కుపోయి ఉండేది. పక్కింటి పందెం పుంజుకైతే మూడు వరసల శనగగింజలంత, అంతే. అదంతా జాతిని బట్టి వస్తుందని మాకెవరు చెప్పారు? దేవుడు ఎవరికి ఏ టోపీ పెట్టాలనుకుంటే అది పెట్టాడు, మనకెందుకని ఊరుకున్నాం.

అట్లాంటి ఇంటికి మా చిన్నాయిన ఒక తెల్లకోడిని తెచ్చాడు. ఆయనకు కాజీపేట రైల్వేలో పని. అక్కడి దొర బంగళాలో వంటమనిషిని బతిమాలి తెచ్చానని గొప్పగా చెప్పుకున్నాడు. "అవ్వా, గిది ఊరకోడి కాదే, సీమకోడి," అని తల్లికి చూపిస్తే, నాయినమ్మ దాన్ని తిప్పి చూసి, "సీమదైతే ఏంది, గింజలు మనయే తింటది గద," అంది. వాడకట్టంతా దానికి దొరసాని అని పేరు పెట్టింది. అది మాత్రం నా వెనకే తిరిగేది, నా అరచేతిలోనే గింజలు తినేది. అక్కచెల్లెళ్లు లేని దాన్ని కదా, నా రహస్యాలన్నీ దానికే చెప్పుకున్నాను. అదీ ఎవరికీ చెప్పలేదు.

వచ్చినప్పుడు దాని జుట్టు చిన్నగా, నిటారుగా ఉండేది. కొన్నాళ్లకు పెరిగి పెరిగి ఒక పక్కకు వాలి, కంటిని కూడా కప్పేసింది. నాయినమ్మ గుండె గుభేలుమంది. అంతకు ముందటేడే కొక్కెర తెగులొచ్చి వాడలో కోళ్లన్నీ పోయాయి. "జుట్టు వాలిందంటే రోగమే. ఐతారం కోస్త. లేకుంటే ఉన్నయన్ని పోతయ్," అని తేల్చేసింది. ఏడ్చాను, అన్నం మానేశాను. "తినకుంటే నీ ఇష్టం బిడ్డా, ఐతారం కూరైతది, గప్పుడు తిందువు," అంది మహాతల్లి.

ఆదివారం పొద్దున వీధిలో మగ్గానికెక్కించే పడుగు నూలు సాగదీసి నాయిన గంజి పెడుతున్నాడు. నీరసంగా వేలాడే నూలు గంజి తాగి ఎండలో ఆరి తీగలా నిలబడడం చూశాక నా బుర్రలో దీపం వెలిగింది. వాలడమే రోగమైతే నిలబెడితే సరిపోదా? చిప్పెడు గంజి తెచ్చి దొరసానిని ఒళ్లో పట్టుకుని జుట్టుకు రెండు పక్కలా పట్టించి, ఆరేదాకా వేళ్లతో నిలబెట్టి పట్టుకున్నాను. అబ్బ, నిలబడింది. కొత్త టోపీ పెట్టుకున్న తహసీల్దారులా ఉంది నా దొరసాని.

కాని గంజి బియ్యంతో కాస్తారన్న సంగతి కోళ్లకు నాకన్నా బాగా తెలుసు. ముందు బొడిపెల జుట్టుది వచ్చి ఒకసారి పొడిచి రుచి చూసింది. తర్వాత నాయినమ్మ మందంతా దొరసాని నెత్తి మీద పడింది. అది కొక్కొక్కొమని అరుస్తూ ఇంట్లోకి ఉరికి, నేసేటప్పుడు నాయిన కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలో దూరింది. నేను వెనక, కోళ్లు నా వెనక, కత్తిపీట ముందు ఉల్లిగడ్డలు వదిలేసి నాయినమ్మ అందరి వెనక. ఎంత పిలిచినా అది బయటికి రాదు. చివరికి నాయినమ్మే బోర్లా పడుకుని గుంటలోకి చెయ్యి పెట్టింది. "ఏందో వెచ్చగ తగుల్తాంది," అంటూ చెయ్యి బయటికి తీస్తే అందులో తెల్లటి గుడ్డు.

మధ్యాహ్నం కోడికూర కోసం ఆశగా వచ్చిన చిన్నాయిన సంగతంతా విని పడీ పడీ నవ్వాడు. "రోగం కాదే అవ్వా. గీ జాతిల పుంజుకే జుట్టు నిలవడుతది. పెట్ట గుడ్లకొచ్చిందంటే పెరిగి పక్కకు వాల్తది. బంగళాల అన్ని గట్లనే ఉంటయ్."

"మరి ఇచ్చిననాడు చెప్పొద్దారా?"

"నువ్వు అడిగితే గద."

తరిగిన ఉల్లిగడ్డలతో ఆ పూట పులుసు పెట్టింది నాయినమ్మ. ఇంటిల్లిపాదికీ ఉన్నది ఒక్కటే గుడ్డు. దాన్ని నా గిన్నెలో వేసింది.

పెళ్లయి తొర్రూరు పోయాక ఒకసారి తల ఎత్తలేక, ముద్ద మింగలేక గోడకు వాలిపోయాను. మా అత్త భయపడి దవాఖానకు బండి కట్టమంది. చూడ్డానికొచ్చిన నాయినమ్మ నా గడ్డం పట్టి లేపి, అత్త వైపు తిరిగి, "జర ఆగు బిడ్డా, ఏం ఫికర్ లేదు. మా దొరసాని జుట్టు వాలింది, గంతే," అంది. అత్తకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు నవ్వూ వాంతీ కలిసి వచ్చాయి. ఆ ఏడే మా పెద్దోడు పుట్టాడు.

ఇప్పుడు మధ్యాహ్నం కుర్చీలో నా తల పక్కకు వాలితే కోడలు కంగారుగా వచ్చి లేపుతుంది. "ఫికర్ చెయ్యకు, గుడ్లకొచ్చే వయసా నాది, నిద్దరొచ్చింది," అంటాను. పాపం, ఆమెకూ అర్థం కాదు. ఆ పక్కనే చిప్పెడు గంజి పట్టుకుని అప్పటి ఆ కొత్తవాడ పిల్ల నిలబడి ఉంటుంది, నా తలను ఎలాగైనా నిలబెట్టేద్దామని. దాన్ని చూసి నవ్వుకుని మళ్లీ కళ్లు మూసుకుంటాను.