పెంటంతా కోర్టుకొచ్చింది

విదేశీ సాయంతో నడిచే ఒక న్యాయ సహాయ పథకంలో పనిచేసే రోజుల్లో కాకినాడ నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాకు వెళ్లాను. అచ్చంపేటలో బస్సెక్కితే పక్క సీట్లో ఈదమ్మ కూర్చుంది. నల్లమల మనిషి. తన పోడు చేను ఆక్రమించుకున్న మోతుబరి మీద నాగర్‌కర్నూల్ కోర్టులో సాక్ష్యం చెప్పడానికి పోతోంది. ఆ కేసు మా పథకమే నడుపుతోంది.

"ఒక్కరే వెళ్తున్నారా అమ్మా?" అన్నాను.

"ఒక్కదాన్నెట్ల పోత బిడ్డా? మా పెంటంత వస్తున్నది" అని వెనక సీట్లు చూపించింది.

ఉలిక్కిపడ్డాను. మా వైపు పెంట అంటే చెత్త. నా ముఖం చూసి ఆమె పకపకా నవ్వింది.

"పెంటంటే మా ఊరు బిడ్డా. పరేషాన్ గాకు."

కోర్టు హాలు చిన్నది, ఆమె ఒక్కతే రావాలన్నాడు బంట్రోతు. ఈదమ్మ గడప దాటలేదు.

"మావోళ్లు ఇనకుంటె నేను చెప్ప."

మా న్యాయవాది లోపలికి వెళ్లి విన్నవిస్తే, జడ్జిగారు అందరినీ రానిమ్మన్నారు. వాళ్లు గోడవారగా నిలబడ్డాకే ఆమె బోనెక్కింది.

"అది నువ్వు సాగుచేసిన చేను కాదు" అని గద్దించాడు ఎదుటి వకీలు.

ఆమె అతని వైపే తిరిగింది. "నేను, మా అత్త రాళ్లేరి చేసిన చేను సారూ. ఏ గెట్టు యాడుందో చెప్త, ఇనుండ్రి."

ఆ రోజు తీర్పు రాలేదు, వాయిదా పడింది. బస్టాండులో నాకే నీరసం వచ్చి, "మళ్లీ ఇంత దూరం రావాలి కదమ్మా" అన్నాను.

"వస్తం. చేను ఇచ్చేదాంక వస్తనే ఉంటం" అంటూ, ముసలివాళ్లను చెయ్యిపట్టి ముందు బస్సెక్కించింది.