కింద పడని వాచీ

ఒక మాట ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్పుకుంటున్నాను. ముందే ఒక సంగతి. నేను కోతలు కోసే మనిషిని. బందరు కాలవలో పడిన వాచీ చేప కడుపులో నడుస్తూ దొరికిందని ఒక పెళ్లివారిని నమ్మించిన వాణ్ణి. ఇది మాత్రం కోత కాదు. కోతే అయితే ఇంకాస్త అందంగా చెప్పి ఉండేవాణ్ణి.

అప్పట్లో విజయవాడలో ఒక మాస్టారి దగ్గర వాచీల పని నేర్చుకుంటున్నాను. ఆయనకి ఒకటే నియమం. వాచీలో అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రానికి లేత్ మిషను మీద ఇరుసు సొంతంగా చెక్కడం వచ్చేదాకా ఎవరూ కస్టమరు వాచీ ముట్టుకోకూడదు. ఆ ఇరుసుని మేం స్టాఫ్ అంటాం. వడ్ల గింజ కంటే చిన్న ఉక్కు పుల్ల, కొసలు తలవెంట్రుకంత. నియమం తప్పినవాణ్ణి ఆ రోజే పంపించేస్తారు. నాకు ముందున్నతను అలాగే వెళ్లిపోయాడు.

పటమట నుంచి ఒక లెక్చరరు గారు వాళ్ల నాన్నగారి వాచీ తెచ్చారు. ఆగి ఆగి నడుస్తోంది, క్లీన్ చెయ్యమన్నారు. కంకిపాడు దగ్గర వ్యవసాయం చేసే తమ్ముడు, కూతురి పెళ్లిలో నాన్న వాచీ పెట్టుకుని పీటల మీద కూర్చుంటానని అడిగి తీసుకెళ్లి, మొన్ననే తిరిగిచ్చాడని మాటల్లో చెప్పారు. ఆ మాట నా చెవిన పడకపోయినా బాగుండేది.

మాస్టారు భోజనానికి వెళ్లారు. నేను మూత తీశాను. ఎందుకు తీశాను? చూద్దామని. కాదు, నాకూ పని వచ్చని నాకు నేనే చూపించుకుందామని. బ్యాలెన్స్ చక్రం పైకి తీసి, మురిసిపోయి, మళ్లీ పెట్టాను. స్టాఫ్ కొస, అది తిరిగే కెంపురాయి కన్నంలోకి దిగిందో లేదో చూసుకోకుండా పైన స్క్రూ బిగించేశాను. కొత్తవాళ్లందరూ చేసే తప్పే. చప్పుడు కూడా రాలేదు. కొస విరిగిందని వేలికి తెలిసింది. మూత వేసి, ఎక్కడిది అక్కడ పెట్టేశాను.

మాస్టారు వచ్చి విప్పి, స్టాఫ్ విరిగిందిరా అన్నారు. ఎక్కడో కింద పడేసి ఉంటారండీ, ముందే నెర్రె విచ్చి ఇప్పుడు తెగిందేమో అన్నాను. ఆయన తలూపారు. మా పనిలో స్టాఫ్ విరిగిందంటే వాచీ కింద పడిందనే లెక్క. అక్కడితో ఆగితే నేను నేను కాదుగా! లెక్చరరు గారు వచ్చినప్పుడు, ఛాతీ ఎత్తు నుంచి నాపరాయి మీద ఎడం పక్కకి పడిందండీ అని, కళ్లారా చూసినట్టు చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది. మావాడింట్లో నాపరాళ్లే, అని గొణిగారు.

కొన్నాళ్లకి ఆ తమ్ముడే షాపుకొచ్చాడు, ఒక్కడూ. పడెయ్యలేదని కూతురి మీద ఒట్టేసినా అన్నయ్య నమ్మలేదట. పడేస్తే పడేశావు, అబద్ధం ఎందుకురా అంటున్నాడట.

"బాబూ, కింద పడకుండా కూడా విరుగుతుందా అది?"

నా వెనక లేత్ చప్పుడు ఆగింది. మాస్టారు వింటున్నారు. అవునంటే, ఎలా అని అడుగుతారు. ఎలాగో నాకొక్కడికే తెలుసు.

"విరగదండీ."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "అయితే నేనే ఎక్కడో పడేసుకుని ఉంటాలే. పెళ్లి హడావుడి కదా, గుర్తులేదు. అన్నయ్య దగ్గర ఒప్పేసుకుంటా."

ఒప్పేసుకున్నాడు. చెయ్యని తప్పుని. దాంతో అన్నగారికి ఇంకా మండింది, కూతురి మీద వేసింది దొంగ ఒట్టన్నమాట అని. ఇక గడప తొక్కొద్దన్నారట. వాచీ తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు లెక్చరరు గారే మాస్టారికి చెప్పారు. నేను తల వంచుకుని స్క్రూలు ఏరుకుంటున్నాను.

ఆ వాచీకి స్టాఫ్ బజార్లో దొరకలేదు. లేత్ మీద చెక్కింది నేనే. ఎన్నో పాడుచేశాక ఒకటి కుదిరింది. మాస్టారు నా భుజం తట్టి, ఇక నువ్వు కస్టమరు వాచీలు చూడొచ్చురా అన్నారు. నా బతుకంతా ఆ మాట మీదే నడిచింది. ఎంతమందికి చెప్పానో ఆ స్టాఫ్ కథ, అది ఎలా విరిగిందో మాత్రం వదిలేసి.

మొన్న భవానీపురంలో నా షాపుకి ఒక పెద్దాయన మనవరాలి వాచీకి సెల్ వేయించడానికి వచ్చారు. ఆ తమ్ముడే. నన్ను గుర్తుపట్టలేదు. "సంచిలోంచి నువ్వే తీసుకో బాబూ, నేను ముట్టుకుంటే పాడైపోద్ది. మా నాన్న వాచీ పాడుచేసిన చేతులివి," అని నవ్వారు. తోడబుట్టినవాళ్లున్నారా అని అడిగాను. ఒక అన్నయ్య ఉండేవాడు, పోయాడు, ఆఖరి ఘడియల్లో కూడా నన్ను పిలవలేదు అన్నారు.

నోరు తెరిచాను. ఇన్ని కోతలు కోసిన నోరు. సెల్ వేసి ఇచ్చేశాను.

ఇప్పుడు చెబితే ఆయనకి ఏమొస్తుంది? అన్న తిరిగొస్తాడా? ఈ ప్రశ్న ఆయన మేలు కోరి వేస్తున్నానా, నన్ను నేను కాపాడుకోడానికా? రెండోదే. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు.

ఆ వాచీ కింద పడలేదు. నేనే విరిచాను.

రాయడం అయింది. కంకిపాడు ఎంతో దూరం కాదు. నేనింకా కుర్చీలోంచి లేవలేదు.